కోత పండుగ వేలంలో మన అల్లికలు మనమే కొనుక్కుంటున్నాం. చర్చిలో ఏ చేతిపని నిజంగా నడుస్తుంది?

కాశీనగర్_కోడలు
కడుపు మండి రాస్తున్నాను, పొడుగైతే ఏమనుకోకండి. మాది ఒడిశా గజపతి జిల్లాలో వంశధార ఒడ్డున చిన్న ఊరు. చర్చికి అరవై గడపలుంటాయి. సగం తెలుగువాళ్ళం, మిగతావాళ్ళలో ఎక్కువమంది సవర గిరిజనులు, నాలుగైదు ఒడియా కుటుంబాలు. స్త్రీల సమాజం లెక్కల పుస్తకం రెండేళ్ళ కిందట నా చేతిలో పెట్టారు. అప్పట్నుంచి నాకు మనశ్శాంతి లేదు.

మొన్న కోత పండుగ అయింది. గుమ్మడికాయలు, కోళ్ళు, కొత్త బియ్యం వేలం అయ్యాక చేతిపనులు వేలానికి పెట్టారు. వైరు బుట్టలు, పూసల తోరణాలు, క్రోషా అల్లికలు. మూడు నెలలు కూర్చుని చేసినవి. మా అత్తగారు అల్లిన టేబుల్ క్లాత్‌ని మా మామగారే 450కి పాడుకున్నారు. మా ఇంట్లో టేబుల్ లేదు.

ఇదొక్కటే కాదు. చర్చి వెనక గదిలో ఆరు కుట్టు మెషిన్లు టార్పాలిన్ కింద తుప్పు పడుతున్నాయి. 2019లో ట్రైనింగ్ పెట్టి 22 మందికి సర్టిఫికెట్లు ఇచ్చారు. ఈ రోజుకి కుడుతున్నది ఒక్కామె. ఇప్పుడు మా పాస్టరు అయ్యగారు జనవరిలో కొవ్వొత్తుల ట్రైనింగ్ పెడదామంటున్నారు. బ్యానర్ కూడా ప్రింటుకి ఇచ్చేశారు.

నేను అడిగేది రెండు. ఒకటి, మీ చర్చిల్లో ఏ పనైనా ఫోటో దిగాక కూడా నడిచిందా? రెండు, పక్క వీధి ఒడియా ఆడవాళ్ళు ఇద్దరు, కొండ మీది గూడెం నుంచి నలుగురు మాతో కూర్చుని పని చేస్తామంటున్నారు. వాళ్ళెవరూ చర్చివాళ్ళు కాదు. రానివ్వాలా వద్దా అని పెద్దల్లో రెండు జట్లు అయ్యాయి.

నారోగేజ్_నాయుడు
టేబుల్ లేని ఇంటికి టేబుల్ క్లాత్! మీ మామగారిని చూడాలని ఉంది.

కాశీనగర్_కోడలు
టీవీ మీద కప్పారు. వార్తలు చూడాలంటే ఎత్తి పట్టుకోవాలి.

బరంపురం_భాస్కర్
నేను కాస్త ఎదురు మాట్లాడతాను. వేలం అంటే బజారు కాదు సిస్టర్, అది కానుక. మా చర్చిలో ఒక కోడిగుడ్డు 500 పలికిన సందర్భం ఉంది. గుడ్డుకి అంత రేటు లేదని ఎవరూ ఏడవలేదు. మీ మామగారు కొన్నది గుడ్డని కాదు, ఇచ్చింది దేవుడికి.

కాశీనగర్_కోడలు
భాస్కర్ గారూ, గుడ్డు కోడి పెట్టింది. దారం అత్తగారు కొన్నారు, 320. వేలంలో వచ్చిన 450 మందిరం రేకులకి పోయింది. అంటే ఒక్క ఇంట్లోంచి దారం డబ్బు, మూడు నెలల కంటిచూపు, మళ్ళీ వేలం డబ్బు పోయాయి. కానుకకి నేను అడ్డం కాదు. కానీ సమాజం మీటింగులో దీన్ని "స్త్రీల ఆదాయ వృద్ధి" అని రాయమంటున్నారు చూడండి, అక్కడ నా పెన్ను ఆగిపోతోంది.

బరంపురం_భాస్కర్
ఆ పదం తప్పే. ఒప్పుకుంటున్నా.

రాయగడ_టైలరమ్మ
ఆ ఆరు మెషిన్ల గురించి నేను చెప్తాను, ఎందుకంటే అలాంటి ట్రైనింగులో నేర్చుకున్నదాన్నే నేను. మా బ్యాచ్‌లో 18 మందిమి. నాతో కలిపి ముగ్గురం మిగిలాం.

మిగతావాళ్ళు ఎందుకు మానేశారో విను. మాకు మూడు నెలలు కాగితం మీద గౌను కోయడం, లంగా కోయడం, బేబీ ఫ్రాకుకి స్మాకింగు నేర్పారు. ఊళ్ళో బేబీ ఫ్రాకు ఎవరు కుట్టించుకుంటారమ్మా, సంతలో 120కి రెడీమేడ్ దొరుకుతుంటే? జనం తెచ్చేది చీర ఫాల్, జాకెట్ చంక దగ్గర వదులు చేయడం, స్కూలు నిక్కరు జిప్పు, దోమతెర చిరుగు. ఇవి ఎవరూ నేర్పలేదు. నేను జాకెట్ కట్టింగ్ ఎక్కడ నేర్చుకున్నానంటే, మా పిన్ని పాత జాకెట్ ఒకటి కుట్లు మొత్తం ఊడదీసి, ముక్కలు న్యూస్‌పేపరు మీద పెట్టి గీసుకుని.

రెండో సంగతి. మెషిను చర్చి గదిలో ఉంటే ఆ గది తాళం ఒకరి దగ్గర, ఆయన పొలంలో. ఆడదానికి పని దొరికేది అన్నం వండాక ఒక గంట, పిల్లలు పడుకున్నాక ఒక గంట. ఆ టైముకి మెషిను ఇంట్లో ఉండాలి. మా పాత పాస్టరమ్మ ఒక పని చేసింది. మెషిన్లు ఇళ్ళకి పంపేసింది. నెలకి 50 చొప్పున సమాజానికి కట్టాలి, రెండేళ్ళు కడితే మెషిను నీదే. ఆర్నెల్లు వరసగా కట్టకపోతే ఇంకొకరికి. ఐదిట్లో మూడు ఇప్పటికీ తిరుగుతున్నాయి.

మీ మెషిన్లు పారేయకండి. కిరసనాయిలుతో కడిగి, మెషిన్ ఆయిల్ వేసి, తోలు బెల్టు మార్చితే తుప్పు పెద్ద సమస్య కాదు. బాబిన్ కేసులు (కింది దారం చుట్ట పెట్టే డబ్బీలు) మాత్రం చూసుకోండి. అవే ముందు మాయమవుతాయి.

నారోగేజ్_నాయుడు
బాబిన్ కేసులు మాయం అవడం జాతీయ సమస్య.

గుణుపూర్_గురూ
టైలరమ్మ గారు చెప్పింది బాగుంది గానీ ఒక మెలిక ఉంది. ఆ మెషిన్లు ఎవరి డబ్బుతో కొన్నారు? 2019 అంటున్నారు కాబట్టి పైనుంచి ప్రాజెక్టులో వచ్చి ఉంటాయి. విదేశీ విరాళంతో కొన్న వస్తువైతే అది ఆ సంస్థ ఆస్తుల పట్టికలో ఉంటుంది. రాత లేకుండా ఇళ్ళకి పంపేస్తే రేపు ఆడిట్‌లో మీ పేరే వస్తుంది. ముందు ఉత్తరం రాసి, తీర్మానం తెచ్చుకోండి.

పై నుంచి ఇప్పుడు కొత్తగా ఏమీ రావట్లేదని మీ అయ్యగారు బాధపడుతుంటే కారణం కూడా అదే. 2020 సెప్టెంబరులో విదేశీ విరాళాల చట్టం మార్చారు. ఒక సంస్థకి వచ్చిన విదేశీ డబ్బుని ఇంకో సంస్థకి పంపకూడదు. ఖాతా ఢిల్లీలో స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలోనే తెరవాలి. ఆఫీసు ఖర్చులకి అంతకు ముందు సగం దాకా వాడుకోవచ్చు, ఇప్పుడు ఐదో వంతే. పెద్ద సంస్థ దగ్గర డబ్బున్నా మన ఊరి చర్చి దాకా కాలవ తెగిపోయింది.

కాశీనగర్_కోడలు
ఇది నాకు ఎవరూ చెప్పలేదు. "దేవుడు పరీక్షిస్తున్నాడు" అని మాత్రమే చెప్పారు.

గుణుపూర్_గురూ
పరీక్ష పెట్టింది పార్లమెంటు.

మహేంద్రతనయ
నేను క్రైస్తవురాలిని కాను, పర్లాకిమిడిలో ఉంటాం. రెండో ప్రశ్న చూసి రాయాలనిపించింది. మా అమ్మ 1990ల్లో మా వీధి చివర చర్చిలో కుట్టు నేర్చుకుంది. నాన్న పోయిన ఏడాది అది. అక్కడ నేర్పే ఆమెని అమ్మ ఇప్పటికీ "టీచరమ్మ" అంటుంది. ఆమె ప్రార్థన చేసుకునేది, అమ్మ బయట అరుగు మీద కూర్చునేది, అయ్యాక లోపలికి వెళ్ళేది. ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు. నా ఇంటర్ ఫీజు ఆ జాకెట్ల మీదే కట్టింది. అమ్మ దసరాకి టీచరమ్మకి అరిసెలు పంపేది, క్రిస్మస్‌కి వాళ్ళింటి నుంచి కేకు వచ్చేది.

రానివ్వండి అక్కా. అంతకంటే నాకు చెప్పడం రాదు.

కోర్టు_అరుగు
మహేంద్రతనయ గారి మాట మనసుకి బాగుంది. కానీ రోజులు మారాయి, కాబట్టి చట్టం సంగతి కూడా చెప్పాలి. ఒడిశాలో మతస్వేచ్ఛ చట్టం 1967 నుంచీ ఉంది. హైకోర్టు కొట్టేసింది, 1977లో సుప్రీంకోర్టు నిలబెట్టింది. బలవంతం, ప్రలోభం, మోసంతో మతం మార్చకూడదన్నది దాని సారం. ఇక్కడ "ప్రలోభం" అన్న మాటకి అర్థం చూడాలి. డబ్బు రూపంలో అయినా, వస్తువు రూపంలో అయినా ఇచ్చే బహుమతి దాని కిందకి వస్తుంది. ఆడవాళ్ళు, మైనర్లు, ఎస్సీ ఎస్టీల విషయంలో శిక్ష రెట్టింపు.

కుట్టు నేర్పడం నేరం కాదు. కానీ మెషిను ఇచ్చి, అదే చేత్తో కరపత్రం ఇచ్చి, అదే గదిలో ప్రార్థన చేయించి, ఆ ఫోటో ఫేస్‌బుక్‌లో పెట్టారనుకోండి. ఎవడో ఒకడు స్టేషన్‌కి వెళ్తాడు, మీరు ఆర్నెల్లు తిరుగుతారు. నేను చూసిన రెండు గొడవలకీ మూలం ఫోటోనే.

పని వేరే చోట పెట్టండి. హాజరు పుస్తకంలో అందరి పేర్లూ, ఎవరు ఎంత పని చేశారు, ఎంత తీసుకున్నారు రాయండి. ఉచితంగా ఇవ్వకండి, చిన్న ఫీజు అయినా పెట్టండి. ఫీజు కట్టి నేర్చుకున్నదాన్ని బహుమతి అనడం కష్టం.

సువార్తిక_77
అయితే చర్చికీ ఎన్జీవోకీ తేడా ఏమిటి? వాక్యం లేకుండా చేతిపని నేర్పడానికి చర్చి ఎందుకు? మన పెద్దలు ఇందుకా కొండలెక్కింది?

రాయగడ_టైలరమ్మ
బ్రదర్, మన పెద్దలు కొండలెక్కి ముందు మలేరియా మందు ఇచ్చారు, గాయాలు కట్టారు. సెరంగోలో మిషన్ ఆసుపత్రి ఉంది కదా, అక్కడికి వచ్చే రోగిని ముందు ఏ మతం అని అడుగుతారా? జ్వరం ఎంత అని అడుగుతారు.

సువార్తిక_77
ఆసుపత్రి వేరు.

రాయగడ_టైలరమ్మ
జాకెట్ చంక కూడా వేరే. దానికి మతం లేదు.

బరంపురం_భాస్కర్
సువార్తిక బ్రదర్ బాధ నాకు అర్థమవుతుంది, నవ్వేయకండి. మా నాన్నగారూ అలాగే అనేవారు. కానీ బ్రదర్, తిత్లీ తుపాను గుర్తు తెచ్చుకోండి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది, గజపతి కొండల్లో వరదలు, బరఘర దగ్గర కొండచరియలు. మా బంధువుల ఊళ్ళో చర్చి ఒక్కటే పక్కా స్లాబు. ఊరంతా అందులోనే పడుకుంది. అమ్మోరు గుడి పూజారి కుటుంబం కూడా పాస్టరు నిలబడి ప్రసంగించే పుల్పిట్ కిందే చాపలు వేసుకుంది. స్త్రీల సమాజం పెద్ద డేగిసాల్లో మూడు పూటలా గంజి, పప్పు. ఆ వారం ఎవరూ వాక్యం చెప్పలేదు, టైము లేదు. ఇప్పటికీ ఆ ఊళ్ళో చర్చికి ఎవరైనా అడ్డం మాట్లాడితే ముందు ఆ పూజారిగారే లేచి నిలబడతారు.

సువార్తిక_77
పుల్పిట్ కిందా! సరే. నేను ఆలోచిస్తాను.

నారోగేజ్_నాయుడు
మా మేనమామ వాళ్ళ చర్చిలో ఆ డేగిసాలే పెద్ద ఆదాయం. పెళ్ళిళ్ళకి అద్దెకిస్తారు. చేతిపని గీతిపని ఏమీ లేదు, గిన్నెలు తోమి ఇవ్వాలి, అంతే. ఏ మతం పెళ్ళైనా మాడిన అడుగు ఒకటే.

ఈనెపుల్ల
కొవ్వొత్తుల సంగతి ఎవరూ ఎత్తలేదు, నేను ఎత్తుతా. వద్దు. మేం చేశాం, మూడేళ్ళ కిందట. మైనం విజయనగరం నుంచి తెచ్చుకోవాలి, రవాణాతో కలిపితే కొట్లో దొరికే ప్యాకెట్టు కంటే మన కొవ్వొత్తే ఖరీదు. అల్యూమినియం అచ్చులకి నూనె తక్కువైతే కొవ్వొత్తి ఊడదు, ఎక్కువైతే బుడగలు. ఒత్తి మధ్యలో నిలబడక పక్కకి ఒరిగితే ఒకవైపే కారిపోతుంది. పైగా మైనం మరిగేటప్పుడు మా సండే స్కూలు పిల్ల ఒకత్తి చెయ్యి కాల్చుకుంది. ఆ పిల్ల మచ్చ చూసినప్పుడల్లా నాకు ఆ బ్యానర్ గుర్తొస్తుంది.

డిసెంబరుకి నక్షత్రాలు చేయండి. బజారులో దొరికే ప్లాస్టిక్ వాటితో పోటీ ఎందుకు అంటారేమో, వెదురు నక్షత్రం వేరు. మా దగ్గర ఎలా కడతారో చెప్తాను. పచ్చి వెదురు చీల్చి ఒక రాత్రి నీళ్ళలో వేస్తే వంచినా విరగదు. సమానంగా పది పుల్లలు. ఐదేసి పుల్లలతో రెండు నక్షత్రాలు, ఒకదాని మీద ఒకటి పెట్టి ఐదు కొనలూ గట్టిగా కట్టాలి. తర్వాత లోపల పుల్లలు దాటుకునే ఐదు చోట్లా జానెడు పుల్లముక్క నిలువుగా దూర్చాలి. అప్పుడే అది ఉబ్బి నిలబడుతుంది. కొత్తవాళ్ళు చేసే తప్పు ఇక్కడే. ముక్కలు పొడుగైతే కొనల దగ్గర తాడు తెగుతుంది, పొట్టివైతే నక్షత్రం అప్పడంలా ఉంటుంది.

అతికించడానికి మైదా జిగురు. అందులో చిటికెడు మైలతుత్తం వేయాలి, లేదంటే క్రిస్మస్ లోపే ఎలుకలు పండగ చేసుకుంటాయి. పిల్లల చేతికి మాత్రం ఆ గిన్నె ఇవ్వకండి, విషం. మా తాత రోజుల్లో లోపల దీపం పెట్టేవారట, ఏడాదికొక నక్షత్రం తగలబడేదట. ఇప్పుడు జీరో బల్బు.

కాశీనగర్_కోడలు
ఈనెపుల్ల గారూ, మీ పేరు సార్థకం. పది రోజుల్లో క్రిస్మస్. వెదురు ఎక్కడ కొడదాం? అడవిలో కొడితే గార్డు పట్టుకోడా?

సిరొంచ_సుధ
నేను చెప్పొచ్చా? మేం గడ్చిరోలి జిల్లా, సిరొంచ. ప్రాణహిత గోదావరిలో కలిసే చోటు, అవతల కాళేశ్వరం. పేరుకి మహారాష్ట్ర, ఇంట్లో తెలుగే.

వెదురు గొడవ మా జిల్లాలో పెద్ద కథ. 2006 అటవీ హక్కుల చట్టంలో వెదురుని చిన్నతరహా అటవీ ఫలసాయంలోనే చేర్చారు. అయినా వెదురు చెట్టు అని, అది మాదే అని శాఖవాళ్ళు అనేవారు. మా జిల్లాలోనే మెండా లేఖా అనే ఊరు 2009లో సామూహిక హక్కు తెచ్చుకుని, 2011లో తమ వెదురు తామే అమ్ముకుంది. అడవి బయట పెంచిన వెదురుని 2017లో చెట్ల జాబితా నుంచి తీసేశారు. కాబట్టి ఈ ఏడాదికి ఎవరి పెరట్లోదో, గట్టు మీదదో కొనండి, రసీదు రాయించుకోండి. వచ్చే ఏడాదికి గ్రామసభలో హక్కు సంగతి అడగండి. అప్పుడు మీతో కూర్చుంటామన్న ఆ గూడెం ఆడవాళ్ళే ముందుండాలి, హక్కు వాళ్ళది.

ఇంకో మాట, వీబీఎస్ గురించి, అదే పిల్లలకి సెలవుల్లో పెట్టే బైబిలు బడి. మా చర్చిలో ఏటా మేలో పెట్టి పిల్లలు రావట్లేదని తిట్టుకునేవాళ్ళం. మేలో తునికాకు, బీడీలు చుట్టే ఆకు, కోసే కాలం. తల్లీ పిల్లా తెల్లారకుండానే అడవిలో ఉంటారు, మధ్యాహ్నం ఆకు కట్టలు కడతారు. ఎవరొస్తారు? ఇప్పుడు సాయంత్రం పెడుతున్నాం. పిల్లలు ఆకు కట్టలు కట్టే నారతోనే గుర్రాలు, శిలువలు అల్లుతున్నారు. రంగు కాగితాల ఖర్చు కూడా తగ్గింది.

నారోగేజ్_నాయుడు
సుధగారి చర్చిలో ప్రసంగం ఎన్ని భాషల్లో? మా మేనమామ చర్చిలో తెలుగులో ఒక వాక్యం, ఒడియాలో ఒకసారి, సవరలో ఒకసారి. అరగంట ప్రసంగం గంటన్నర. ఆకలి మాత్రం మూడు భాషల్లోనూ ఒకేసారి వేస్తుంది.

సిరొంచ_సుధ
తెలుగు, మరాఠీ, మాడియా. పాటలు మాత్రం అందరూ అన్నీ పాడేస్తారు, అర్థం తర్వాత.

సవర_గూడ
నా తెలుగులో తప్పులుంటే సర్దుకోండి, మాకు ఇంట్లో సవర, బడిలో ఒడియా, సంతలో తెలుగు. మా పాటల పుస్తకం ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటుంది, మా భాషకి సొరంగ్ సొంపెంగ్ అని సొంత లిపి 1936లో వచ్చింది, గిడుగు రామమూర్తి గారు తెలుగు అక్షరాల్లో రాశారు. మా చర్చి బోర్డు చూస్తే కొత్తవాడికి కళ్ళు తిరుగుతాయి.

నేను చెప్పాలనుకున్నది వేరే. మా చర్చికి పోయినేడు బయటి నుంచి ఒకాయన వచ్చి, సవర బొమ్మలు సంచుల మీద అచ్చు వేసి అమ్మండి, సిటీలో గిరాకీ ఉంది అన్నారు. మా పాస్టరు గారు ఒప్పుకోలేదు, అవి పాత దేవతలవి అన్నారు. యూత్ మాత్రం అమ్ముదాం అన్నారు. పెద్ద గొడవ.

మా అవ్వ చర్చిలోకి రాకముందు వాళ్ళింట్లో ఇడితాల్ ఉండేది. ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో. దాన్ని ఊరికే అందానికి వేయరు. ఎవరైనా చనిపోతేనో, జబ్బు చేస్తేనో, పంట కోసమో వేస్తారు. చుట్టూ గీత గీసి లోపల మనుషులు, ఏనుగులు, చెట్టు, ఇప్పుడైతే సైకిలు, రైలు కూడా వేస్తారు. అది వాళ్ళకి బొమ్మ కాదు, చనిపోయినవాళ్ళు వచ్చి కూర్చునే ఇల్లు. అవ్వ బాప్తిస్మం తీసుకున్నాక గోడ తనే అలికేసింది. ఏడ్చిందట.

అందుకే నాకు ఇద్దరి మాటా నచ్చలేదు. దాన్ని పాపం అనడమూ నచ్చలేదు, సంచి మీద వేసి 150కి అమ్మడమూ నచ్చలేదు. ఎవరి తాత ఇల్లో అది. మేం చివరికి ఏం చేశామంటే, అల్లం, పసుపు, కొండ చీపుర్లు అమ్మాం.

మహేంద్రతనయ
అవ్వ గోడ అలికిన మాట దగ్గర ఆగిపోయాను.

కోర్టు_అరుగు
చీపుర్లు ఎలా పోయాయి?

సవర_గూడ
బాగా పోయాయి. ఇంతకు ముందు సేటు వచ్చి గడ్డి కట్టలు కొనుక్కుపోయేవాడు. ఇప్పుడు పిడి కట్టి చీపురుగా అమ్ముతున్నాం. పని కొంచమే, ధర మాత్రం దాదాపు రెట్టింపు.

జయపురం_అడ్డాకు
ఇంతసేపూ చదివి ఆగలేక రాస్తున్నా. సవర తమ్ముడు చెప్పిందే అసలు దారి. చేతికి ఇప్పటికే వచ్చిన పనిలో ఇంకొక్క మెట్టు ఎక్కడం.

మాది కొరాపుట్ వైపు. మా దగ్గర అడ్డాకు, ఒడియాలో సియాళి అంటారు. కొండ తీగ, ఆకు ఆవు గిట్టలా రెండుగా చీలి ఉంటుంది. మా స్త్రీల సమాజం ముందు లేసు అల్లేది. నరసాపురం లేసుకి 2024లో జీఐ (భౌగోళిక గుర్తింపు) కూడా వచ్చింది, గొప్పదే. ఆ పని కూడా మిషనరీల కాలంలోనే మొదలైంది. కానీ అక్కడ వందేళ్ళకి పైగా దారం ఇచ్చేవాడు, కొనేవాడు, ఎగుమతి చేసేవాడు ఉన్నారు. అయినా అల్లే చేతికి దక్కేది అంతంతే. మన కొండల్లో ఆ గొలుసే లేదు. లేసు మాకు ఎవరు చెప్పారో తెలుసా? ఫోటోలో బాగుంటుందని చెప్పారు.

తర్వాత ఒక ముసలామె అడిగింది, "మన ఆకు ఎందుకు కుట్టకూడదు?" అని. అప్పటిదాకా ఆకు కోసి ఎండబెట్టి కట్టలుగా అమ్మేవాళ్ళం. ఇప్పుడు కుట్టి, ప్రెస్సు చేసి అమ్ముతున్నాం. ఎండిన ఆకు మడిస్తే పటుక్కున విరుగుతుంది, అందుకని ముందు రాత్రి నీళ్ళు చిలకరించి తడిగుడ్డలో చుట్టి పెట్టాలి. పొద్దున్నకి తోలులా మెత్తబడుతుంది. కుట్టేది వెదురు ఈనెతో. ఈనె ఎంత సన్నగా చీలిస్తే విస్తరి అంత శుభ్రం, లావైతే పులుసు కారుతుంది. ప్రెస్సు మెషినుకి అచ్చు వేడెక్కాలి, కరెంటు లేని రోజు పని లేదు. ఆ రోజు ఈనెలు చీలుస్తాం.

2022 జులై 1 నుంచి ప్లాస్టిక్ ప్లేట్లు నిషేధం. నిషేధం ఎంత నడుస్తోందో సంతలో చూస్తే తెలుస్తుంది. కానీ పెళ్ళిళ్ళవాళ్ళు, గుళ్ళవాళ్ళు ఆకు అడుగుతున్నారు. మాకు పెద్ద గిరాకీ గుడి భోజనాలే. చర్చి ఆడవాళ్ళు కుట్టిన విస్తర్లలో ప్రసాదం తింటున్నారు, మావాళ్ళు ముసిముసిగా నవ్వుకుంటారు.

సువార్తిక_77
గుడికి అమ్మడం ఏమిటి?

జయపురం_అడ్డాకు
అన్నం తినడానికి బ్రదర్.

గుణుపూర్_గురూ
పెట్టుబడి ఎక్కడిది?

జయపురం_అడ్డాకు
పిడికెడు బియ్యం. వండేటప్పుడు ఎసట్లో పోసే బియ్యంలోంచి ఒక పిడికెడు పక్కన డబ్బాలో. ఆదివారం డబ్బా చర్చికి. మిజోరంలో ఇది 1910 నుంచి పెద్ద ఎత్తున నడుస్తోంది, మాకు అంత లేదు గానీ ఏడాదిన్నరలో చేతి ప్రెస్సు ఒకటి వచ్చింది. తర్వాత మిషన్ శక్తి, అంటే ఒడిశా ప్రభుత్వ మహిళా సంఘాల పథకంలో, గ్రూపుగా చేరాం. ఆ గ్రూపులో అందరూ ఉన్నారు, చర్చివాళ్ళు సగమే. లెక్క గ్రూపుదే, చర్చి పుస్తకంలో ఒక్క పైసా కలపలేదు. కలిపితే ఇటు గ్రూపూ పోతుంది, అటు సంఘమూ చీలుతుంది.

కాశీనగర్_కోడలు
ఇవన్నీ ప్రింటు తీసి పెద్దల మీటింగుకి తీసుకెళ్తున్నాను. సువార్తిక గారి పోస్టులు కూడా. అవి లేకపోతే వాళ్ళు నమ్మరు.

సువార్తిక_77
నా పేరు చదవకండి సిస్టర్.

*(రెండున్నర నెలల తర్వాత)*

కాశీనగర్_కోడలు
తిరిగి వచ్చాను. సంగతులు ఇవి.

నక్షత్రాలు 37 కట్టాం. ఈనెపుల్ల గారూ, మొదటి ఆరూ అప్పడాలే. మిగతావి సంతలో 31 పోయాయి. వెదురు, కాగితం ఖర్చు పోగా మిగిలింది పెద్ద డబ్బేమీ కాదు, కానీ అది కట్టినవాళ్ళ చేతికే ఇచ్చాను. ఒక సంతకం, ఐదు వేలిముద్రలు. మందిరం రేకులకి వేరే కానుక పడదాం అని అత్తగారే లేచి అన్నారు. మామగారు ఆవిడ వంక అదోలా చూశారు.

కొవ్వొత్తుల ట్రైనింగు లేదు. బ్యానర్ వెనకవైపు తెల్లగా ఉందని విస్తర్ల ఆకులు ఆరబెట్టడానికి పరుస్తున్నాం.

మెషిన్ల గురించి పైకి ఉత్తరం రాశాం, ఇంకా జవాబు లేదు. ఆరిట్లో నాలుగుకి బాబిన్ కేసులు లేవు. టైలరమ్మ గారూ, మీ నాలుక మీద మచ్చ ఉందేమో చూసుకోండి.

జయపురం అన్న చెప్పిన విస్తర్ల పని మొదలుపెట్టాం, చర్చి గదిలో కాకుండా పంచాయితీ అరుగు మీద. రానివ్వాలా వద్దా అని రెండు జట్లయిన పెద్దలు ఇప్పుడు ఆ మాటే ఎత్తట్లేదు. ఎందుకంటే విస్తరి కుట్టడం మాలో ఎవరికీ రాదు. ఆ గూడెం నలుగురికీ వచ్చు. వాళ్ళు నేర్పుతున్నారు, మేం కూర్చుని నేర్చుకుంటున్నాం, రోజుకి 10 ఫీజు కట్టి. కోర్టు అరుగు గారు చెప్పిన ఫీజు అలా తిరగబడింది. వాళ్ళలో పెద్దామె నా చేతిలోంచి ఈనె లాక్కుని, పళ్ళతో ఒక కొన పట్టుకుని రర్రుమని చీల్చి చూపించింది. ఆవిడది దారంలా వచ్చింది, నాది కొరడాలా ఉంది. అయ్యగారు ఒకరోజు వచ్చి సరదాగా ఒకటి కుట్టారు. అందులోనే ఆయనకి మధ్యాహ్నం చారన్నం పెట్టాం. ప్యాంటు ఉతుక్కోవాల్సి వచ్చింది.

శ్రీరామనవమి పందిరికి 600 విస్తర్లు ఆర్డరు వచ్చింది. మహేంద్రతనయ గారూ, మీ వీధి నుంచే.

మహేంద్రతనయ
ఎవరు చెప్పారో కనుక్కోకండి.

కాశీనగర్_కోడలు
అనుకున్నాను!

జయపురం అన్నా, ఒక్క సందేహం. మొన్న మబ్బు పట్టినప్పుడు రెండు కట్టల ఆకు బూజు పట్టింది. మీరు ఎక్కడ దాస్తారు?

జయపురం_అడ్డాకు
పొయ్యి పైన అటక మీద. రోజూ పొగ తగలాలి. గ్యాస్ పొయ్యి అయితే లాభం లేదు, కట్టెల పొయ్యి ఉన్న ఇల్లు ఎవరిదో చూడు.

కాశీనగర్_కోడలు
అత్తగారిదే.